వాటాలు లేని ఉమ్మడి: హుట్టరు సోదరుల గ్రామములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయములోని పుస్తకము ఎవరిది? చందా కట్టిన ప్రతివారును తమదనియే అందురు. కాని దానిని ఇంటిలో శాశ్వతముగా ఉంచుకొనుటకు ఎవ్వరికిని అధికారము లేదు. చందా మానుకొన్నవాడెవడైన వచ్చి, బీరువాలో తన వంతు పుస్తకములు పంచి ఇండని అడిగినయెడల నవ్వుదురు. పుస్తకముల విషయమున ఇంత సులభముగా తోచు ఈ పద్ధతి పొలము విషయమున, పశువుల విషయమున, ఇంటి విషయమున, చేతికష్టపు ప్రతిఫలము విషయమున సాగునా? ఆలుబిడ్డలతో కాపురము చేయుచు సాగించుట సాధ్యమా? సాధ్యమే అని సుమారు 500 సంవత్సరములుగా, నడుమ రెండుమారులు తెగినను మరల ముడివేసికొని, చేసి చూపుచున్న క్రైస్తవ సమాజమొకటి కలదు. వారిని హుట్టరు సోదరులందురు, ఇంగ్లీషువారు హటరైటులందురు. నేటి ఉపన్యాస విషయము వారి గ్రామముల కథ.

ఈ భావమునకు మూలము బైబిలులోనే ఉన్నది. యెరూషలేములో మొదటి క్రైస్తవ సంఘమువారు తమ ఆస్తులు విక్రయించి, వచ్చిన ధనమును ఒక్కచోట చేర్చి, ఎవరికెంత అవసరమో అంత పంచుకొనిరని అపొస్తలుల కార్యములను గ్రంథము తెలుపుచున్నది. పొలము అమ్మిన సొమ్ములో కొంత మరుగుచేసి, తక్కినదే మొత్తమని చెప్పిన అననీయ, సప్పీరా అను దంపతులు అక్కడికక్కడే మరణించిన వృత్తాంతమును చెప్పునదియు ఆ గ్రంథమే. ఉమ్మడి ఖాతాయు, దొంగలెక్కయు ఇంచుమించు ఒక్కనాడే పుట్టినవన్నమాట!

అటుపిమ్మట ఆ ఉమ్మడి జీవనము మఠములకు మాత్రమే పరిమితమయ్యెను. మఠవాసులకు భార్య లేదు, బిడ్డలు లేరు. వారికి సొంత ఆస్తి లేకుండుట అంత విశేషము కాదు. సంసారులు ఆ వ్రతమును పట్టుట విశేషము. అమెరికాలో జార్జి రాప్ అను జర్మను బోధకుడు 1805లో స్థాపించిన హార్మనీ సంఘము మిక్కిలి ధనసమృద్ధి గలదై, గట్టి కట్టుబాటుతో నడచినను, బ్రహ్మచర్యమును నియమముగా పెట్టుకొన్నందున వారసులు లేక 1905లో ముగిసినది. హుట్టరు సోదరులు బ్రహ్మచర్యము జోలికి పోలేదు. వారి చిక్కులు దానికి నేరుగా ఎదురుగా నుండునవి.

1525లో స్విట్జర్లాండులోని జూరిచ్ పట్టణమున కొందరు యువకులు, పసిబిడ్డకు ఇచ్చు బాప్తిస్మము చెల్లదనియు, వయసు వచ్చి బుద్ధిపూర్వకముగా విశ్వసించినవానికే అది తగుననియు నిశ్చయించి, ఒకరికొకరు మరల బాప్తిస్మము ఇచ్చుకొనిరి. రాజ్యమునకును మతమునకును ముడి ఉండరాదనియు, కత్తి పట్టరాదనియు వారిలో అనేకుల మతము. నేడిది చిన్న విషయముగా కనబడవచ్చును. ఆనాడు అటు రోమను కథోలికులును, ఇటు సంస్కరణవాదులును దీనిని రాజద్రోహముగా ఎంచిరి. ఆ తొలి బృందములోని ఫెలిక్స్ మాంజును 1527లో ఆ పట్టణపు నదిలోనే ముంచి చంపిరి. తక్కినవారు చెదరిపోయి, కొంత సహనము గల ప్రభువులున్న మొరేవియా దేశము చేరిరి. అది నేటి చెక్ దేశములో ఒక భాగము.

అచ్చట నికోల్స్‌బర్గు పట్టణమున వారిలో వారికే భేదము పుట్టెను. ప్రభువునకు యుద్ధపు పన్ను చెల్లింపవచ్చునా కూడదా అనునది వివాదము. మామూలు శిస్తు చెల్లించుటకు ఎవ్వరికిని అభ్యంతరము లేదు. నరులను చంపుటకని వసూలుచేయు పన్ను మాత్రము చెల్లింపమని యాకోబు వీడెమాన్ అనుచరులు పట్టుబట్టిరి. అట్లయిన నా గడ్డమీద ఉండవలదని ప్రభువు చెప్పెను. 1528 వసంతమున, పిల్లలు గాక పెద్దలే సుమారు 200 మంది మూటాముల్లెతో బయలుదేరిరి. దారిలో ఆగినచోట ఒక అంగవస్త్రము నేలపై పరచిరి. ప్రతివాడును తనకు కలిగినదానిని, ఎవ్వరి బలవంతమును లేక, దానిపై పెట్టెను. బీదలను పోషించు పనికి కొందరిని నియమించిరి. అంతే. రిజిస్ట్రారు లేడు, స్టాంపు కాగితము లేదు. తరువాతి శతాబ్దముల చరిత్రయంతయు ఆ పరచిన వస్త్రమునుండి పుట్టినది. వారు చేరిన ఊరు ఆస్టర్లిట్జు. 277 సంవత్సరముల తరువాత నెపోలియను గెలిచిన మహాయుద్ధముచే లోకమునకు పరిచితమైనది అదియే. యుద్ధపు పన్ను చెల్లింపనివారికి ఆశ్రయమిచ్చిన ఊరు యుద్ధము పేరనే ప్రసిద్ధి కెక్కుట విధివిలాసము.

వస్త్రము పరచుట ఒకనాటి పని. దానిపై పడినదానిని మరునాడు పంచుట కష్టము. పెద్దల భార్యలకు మంచి భోజనము పోవుచున్నదనియు, కొందరు సొమ్ము దాచిరనియు అచిరకాలములోనే కలహములు వచ్చెను. అపుడు టిరోలు కొండలలోని ఒక టోపీల పనివాడు వచ్చి 1533లో పెత్తనము వహించి, దాచినవారిని బయటపెట్టి, నియమములు బిగించి, చెల్లాచెదురుగా నున్నవారిని ఒక్కత్రాటిపైకి తెచ్చెను. అతడే యాకోబు హుట్టరు. రెండు మూడేండ్లకే పట్టుబడి, 1536 ఫిబ్రవరిలో ఇన్స్‌బ్రుక్కు నగరమున సజీవదహనము పొందెను. అతని పేరు మాత్రము వారికి నిలిచెను.

16వ శతాబ్దపు ఉత్తరార్ధము వారికి స్వర్ణయుగము. మొరేవియాలో వారి జనసంఖ్య 20 నుండి 30 వేల వరకు ఉండెనని చరిత్రకారుల అంచనా. ఒక్కొక్క నివాసమునందు కుమ్మరులు, కత్తులు చేయువారు, గడియారముల పనివారు, చర్మకారులు, నేతగాండ్రు, వైద్యులు ఉండిరి. వారు చేసిన పింగాణిపూత పాత్రలు నేటికిని ఐరోపా ప్రదర్శనశాలలలో ఉన్నవి. ప్రతి వృత్తికిని వ్రాతమూలకమైన నిబంధనలు ఏర్పరచిరి: సరకు ఎవరు కొనవలెను, ఎట్టి పని చేయవలెను, వచ్చిన సొమ్ము ఎవరికి ముట్టజెప్పవలెను అని. పీటర్ వాల్పోట్ నాయకుడుగా నున్న 1568లో బడులకు ఏర్పరచిన నియమములు చూచినచో వారి జాగ్రత్త తెలియును. బిడ్డల నోరు పరీక్షించు బడితల్లి, రోగముగల బిడ్డ నోటిలో పెట్టిన వ్రేలిని శుభ్రపరచుకొనక మరియొక బిడ్డ నోటిలో పెట్టరాదని అందులో ఉన్నది. సూక్ష్మజీవుల సంగతి లోకమునకు తెలియుటకు ఇంక మూడువందల ఏండ్లు ఉన్న కాలమది! భక్తి ఒక్కటే ఇంతటి పనిని చేయదు. అందరి బిడ్డలను ఒక్కచోట పెంచువాడు ఒక్కని అశ్రద్ధ అందరికిని చుట్టుకొనునని ఎరుగును.

ముప్పదేండ్ల యుద్ధము వచ్చి ఆ వైభవమును తుడిచివేసెను. 1622లో మొరేవియానుండి వారిని వెడలగొట్టిరి. హంగరీకి, ట్రాన్సిల్వేనియాకు పోయిరి. దోపిళ్లు, నిర్బంధ మతాంతరీకరణములు, దారిద్ర్యము. 17వ శతాబ్దపు చివరికి ఉమ్మడి తెగిపోయి, ఎవరి పొయ్యి వారిదయ్యెను. ఇది మొదటి తెగుడు. 1755 ప్రాంతమున ఆస్ట్రియాలోని కారింథియానుండి మతము నిమిత్తము వెడలగొట్టబడిన లూథరు మతస్థులు కొందరు ట్రాన్సిల్వేనియా చేరి, అక్కడ మిగిలిన పాత సోదరుల నోట ఈ కథ విని, వారి గ్రంథములు చదివి, 1760ల ఆరంభమున ఉమ్మడిని పునరుద్ధరించిరి. వంశము తెగిన ఇంటికి దత్తత వచ్చినవారే ఇల్లు నిలిపినట్లయినది. నేటి హుట్టరు సోదరుల ఇంటిపేర్లు సుమారు 15 మాత్రమే. వానిలో హోఫర్, వాల్డ్‌నర్ మున్నగునవి పలువురు ఎరిగిన కారింథియా పేర్లే.

ఈ గుంపులోని 60, 70 మంది 1767లో కార్పేథియను పర్వతములు దాటిరి. 1770లో ఉక్రెయినులోని విషెంకా చేరి, రుమ్యాంత్సెవ్ ప్రభువు భూమిలో స్థిరపడిరి. 1802లో దగ్గరనున్న రాదిచెవ్‌కు మారిరి. అచ్చట శత్రువు లేడు, దండు లేదు, చెరసాల లేదు. అయినను 1819లో ఉమ్మడి మరల తెగెను. ఉమ్మడి ఉండవలెనని యోహాను వాల్డ్‌నరును, ఎవరిది వారికి ఉండవలెనని యాకోబు వాల్టరును ఇరుపక్షములుగా నిలిచిరి. అంతలో అగ్నిప్రమాదము కలిగి కట్టడములు చాలవరకు కాలిపోయెను. మరల కట్టుకొనునప్పుడు వేరువేరుగా కట్టుకొనిరి. చితిమంటలు, చెరసాలలు చేయలేని పనిని శాంతికాలపు తగాదా చేసినది. వారి చరిత్ర చదువువారు నిలిచి ఆలోచింపవలసిన తావు ఇదియే.

1842లో వారు దక్షిణ ఉక్రెయినులోని మొలోచ్నా ప్రాంతమునకు మెన్నోనైటుల చెంతకు పోయిరి. మెన్నోనైటులును ఆ పునర్బాప్తిస్మవాదుల సంతతివారే. యుద్ధము కూడదందురు కాని ఆస్తి ఎవరిది వారికే. తెలుగువారికి ఇచ్చట ఒక బంధుత్వము కలదు. ఈ మొలోచ్నాలో 1860లో ఏర్పడిన మెన్నోనైటు సోదర సంఘమునకు చెందిన అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులే 1890లో నల్లగొండకు వచ్చి మతప్రచారము చేసిరి. అమెరికానుండి వచ్చిన ఆ సంఘమువారే తరువాత పాలమూరు జిల్లాలో పాతుకొనిరి. జడ్చర్ల ఆసుపత్రి వారిదే. ఉమ్మడి ఆస్తి పద్ధతి మాత్రము వారితో రాలేదు.

ఆ మొలోచ్నాలోనే 1859లో మైకేలు వాల్డ్‌నర్ అను కమ్మరి, తనకు దైవదర్శనమైనదని చెప్పి, నలువది ఏండ్ల క్రిందట మానిన ఉమ్మడిని తిరిగి ప్రారంభించెను. అతని శాఖకు కమ్మరివారు అని పేరు. మరుసటి ఏడు డేరియసు వాల్టరు పేర రెండవ శాఖ పుట్టెను. మూడవది అమెరికాలో ఒక ఉపాధ్యాయుని మూలమున ఏర్పడినందున దానికి పంతులువారు అని పేరు.

రష్యా ప్రభుత్వము నిర్బంధ సైనికసేవను తెచ్చుటచే 1874 మొదలుకొని ఆ సంతతివారందరును, 1,200 మందికి పైగా, అమెరికాలోని దక్షిణ డకోటాకు వలసపోయిరి. మిస్సోరీ నదియొడ్డున బాన్ హోమ్ అను మొదటి ఉమ్మడి గ్రామము వెలసెను. అమెరికా ప్రభుత్వము కుటుంబమునకు 160 ఎకరముల చొప్పున ఉచితముగా ఇచ్చుచుండిన కాలమది. వచ్చినవారిలో సుమారు మూడింట రెండు వంతులవారు ఆ భూములు పుచ్చుకొని సొంత సేద్యము చేసికొనిరి. మూడవ వంతువారే ఉమ్మడి నాశ్రయించిరి. ఎకరము ఉచితముగా లభించుచోట వాటా వదలుకొన్నవారి సంఖ్య అంతటిదైనను ఉండుట ఆశ్చర్యమే.

1918లో మరల పాతకథ వచ్చినది. సైన్యములో చేరమని, సైనిక దుస్తులు తొడుగమని నిరాకరించిన నలుగురు యువకులను ఆల్కట్రాజు ద్వీపపు చెరసాలలో చీకటి కొట్లలో పెట్టిరి. తరువాత కాన్సాసులోని లెవెన్‌వర్తునకు మార్చిరి. యుద్ధము ముగిసిన కొలది దినములకే వారిలో హోఫర్ సోదరులు జోసెఫు, మైకేలు అచ్చట మరణించిరి. భర్త మొగము చూడవచ్చిన జోసెఫు భార్యకు, అతడు బ్రతికియుండగా తొడుగనొల్లని దుస్తులు పెట్టెలోని శవమునకు తొడిగి కనబడెను. దానితో గ్రామములు చాలవరకు క్రమముగా కెనడాకు తరలిపోయెను. తరువాతి దశకములలో కొన్ని తిరిగి వచ్చెను. కెనడాలోను అంతా సుఖము కాదు. ఆల్బెర్టా రాష్ట్రము 1942లో వారికి భూమి అమ్మరాదని చట్టము చేసినది. 1947లో క్రొత్త గ్రామము పాతదానికి 40 మైళ్ల దూరమున ఉండవలెననియు, 6,400 ఎకరములకు మించరాదనియు నిర్ణయించినది. ఆ చట్టము 1973లో రద్దయినది.

ఇక ఆ గ్రామము నడచు తీరు. మతబోధకుడు ఊరిపెద్ద. అతనిని ఎన్నుకొనుటకు మొదట ఓట్లు, పిదప చీట్లు: కొందరిని సూచించి, వారి పేర్లు వేసి చీటి తీయుదురు. చీటిలో దైవసంకల్పము తెలియునని వారి నమ్మకము. రెండవవాడు గృహనిర్వాహకుడు. జమాఖర్చు, బ్యాంకు, క్రయవిక్రయములు అన్నియు అతనివే. మూడవవాడు సేద్యపు పెద్ద. పంటలు, కూలీల ఏర్పాటు అతనివి. కూలీలనగా బయటివారు కారు, గ్రామస్థులే. వారికి కూలి లేదు. పందులకొకడు, కోళ్లకొకడు, యంత్రములకొకడు. ట్రాక్టరులు, కోతయంత్రములు అన్నిటికన్న క్రొత్తవి వాడుదురు. ఈ విషయమున గుఱ్ఱపుబండ్ల ఆమిషులతో వారిని కలిపి చూడరాదు. భోజనము అందరికి ఒక్క శాలలోనే: పురుషులొకవైపు, స్త్రీలొకవైపు, పిల్లలు వేరు గదిలో. మూడేండ్లు నిండిన బిడ్డ బాలబడికి పోవలసినదే. బట్ట వయసునుబట్టి, మనిషినిబట్టి గజముల లెక్కన ఇత్తురు. చేతిఖర్చునకు నెలకు స్వల్పమైన సొమ్ము. ఆదివారము చదువు ప్రసంగములు 17వ శతాబ్దపువే. బోధకుడు వానిని నకలు వ్రాసికొని చదువును కాని సొంతముగా కల్పింపడు.

స్త్రీలకు ఓటు లేదు. వంటశాలలోను, తోటలోను, కుట్టుపనిలోను సగము గ్రామమును మోయుచున్నవారికి పాలనలో నోరు లేకుండుట, సర్వసమానత్వము చెప్పుకొను సంఘమునకు తీరని కొఱత. పైసా విషయమున ఇంత నిక్కచ్చిగా నుండు లెక్కలో ఈ పద్దు శతాబ్దములుగా వ్రాయబడకయే ఉన్నది.

ఆస్తి విషయమునకు వత్తము. తెలుగుదేశమున ఉమ్మడి అనగానే స్ఫురించునది మితాక్షర న్యాయము. విజ్ఞానేశ్వరుడు సంస్కృతమున వ్రాసిన ఆ వ్యాఖ్యానమునకు 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగురూపమిచ్చెను. పిత్రార్జితమునందు కుమారునకు పుట్టుకతోనే స్వత్వము కలుగునని దాని ప్రధాన సిద్ధాంతము. కుమార్తెకును ఆ హక్కు ఆంధ్రప్రదేశములో 1986 నాటి చట్టముచేతను, దేశమంతట 2005 నాటి సవరణచేతను వచ్చినది. కనుక ఉమ్మడి కుటుంబమెంత చక్కగా సాగుచున్నను ప్రతి భాగస్థుని వాటాయు అందులో దాగియే యుండును. కోరిననాడు కొలత గొలుసు వాకిటికి వచ్చును. హుట్టరు సోదరుల ఉమ్మడి అట్టిది కాదు. అందులో దాగిన వాటా లేనే లేదు. పుట్టుకచేత ఎవ్వరికిని ఏమియు రాదు. ఇరువదేండ్ల ప్రాయమున బాప్తిస్మము పొందునప్పుడు తనకున్నదియు, ఇకముందు రాబోవునదియు సంఘమునకే అని ఒప్పుకొని సభ్యుడగును. అతడు మరణించిన వారసత్వము లేదు. వెడలిపోయిన పంపకము లేదు.

ఈ మాట న్యాయస్థానములో తేలినది. కెనడాలోని మానిటోబా రాష్ట్రమున ఇంటర్‌లేకు గ్రామములో కొందరు వేరొక క్రైస్తవ శాఖలో చేరిరి. సంఘము వారిని వెలివేసెను. వారు తమ వాటా పంచి ఇప్పింపవలసినదని వ్యాజ్యము వేసిరి. అది కెనడా సుప్రీము కోర్టుదాక పోయి, 1970లో వారికి ప్రతికూలముగా ముగిసెను. సభ్యత్వమునకు తామొప్పుకొన్న షరతుల ప్రకారము ఆస్తి సంఘమునదే కనుక, సభ్యత్వము పోయినవారికి అందులో వంతు లేదని అధికసంఖ్యాకులైన న్యాయమూర్తుల తీర్పు. ఒక న్యాయమూర్తి విభేదించెను: మతము మార్చుకొను స్వేచ్ఛ యున్నదని చెప్పుచు, మార్చుకొన్నవానిని కట్టుబట్టలతో వీథిలో నిలుపుట ఆ స్వేచ్ఛకు అడ్డుకాదా అని ఆయన ఆశయము. చదువరులు తీర్పులో ఏ పక్షము నెంచుకొన్నను, రెండవ పక్షమును తేలికగా కొట్టివేయజాలరు. ఏండ్ల తరబడి దున్నిన భూమిలో అడుగు నేలయైనను తనది కాదని విన్నవాని బాధ నిజమైనది. వాటా ఇచ్చుట మొదలుపెట్టినచో పది సంవత్సరములలో ఉమ్మడి మిగులదన్నదియు నిజమే. రాదిచెవ్ అనుభవము వారికి గుర్తున్నది. నేటికిని యువకులు కొందరు రాత్రివేళ చెప్పకుండ వెడలిపోవుదురు. వారిలో కొందరు బయట కొన్నేండ్లు పనిచేసి తిరిగి వచ్చి, తప్పు ఒప్పుకొని బాప్తిస్మము పొందుదురు.

వ్యక్తులకు పంపకము లేదు కాని గ్రామమునకు పంపకము కలదు. ఇదియే వారి పద్ధతిలోని మేటి యుక్తి. 1880లో ఉమ్మడి గ్రామములలోని జనము 443; 1950లో 8,542. ఆ కాలమున దంపతులకు సగటున పదిమందికి పైగా సంతానము. నేడు సంతానము తగ్గినను, గ్రామములు 500 దాటినవి, జనము 45 వేలు దాటినది. ఒక గ్రామమున 120, 150 మంది చేరునప్పటికి పనులకు మించి మనుష్యులు, పెత్తనములకు మించి పెత్తనము కోరువారు ఏర్పడుదురు. అంతవరకు రానీయరు. తగాదా పుట్టకముందే, సంవత్సరముల తరబడి సొమ్ము కూడబెట్టి దూరమున భూమి కొందురు. అక్కడ ఇండ్లు, కొట్టములు, భోజనశాల కట్టుదురు. పశువులను, యంత్రములను, ధాన్యమును, అప్పులను కూడ రెండు పద్దులుగా వ్రాయుదురు. జనమును రెండు పట్టీలుగా చేయుదురు. ఒక్కొక్క పట్టీకి ఒక్కొక్క బోధకుడు, రెండింటను వయసులు, పనులు సరితూగునట్లు.

కొన్ని గ్రామముల ఆచారము మరియు కఠినము. ఏ పట్టీవారు పోవలెనో, ఏ పట్టీవారు ఉండవలెనో ముందుగా ఎవ్వరికిని తెలియదు. కనుక క్రొత్త గ్రామపు ఇండ్లు కట్టుటలో అందరును సమానముగా శ్రద్ధవహింతురు. పాత గ్రామపు కప్పులు బాగుచేయుటలోను అంతే. రెండు పట్టీలవారును మంచములు విప్పి, పాత్రలు సర్ది, మూటలు కట్టుకొందురు. ప్రార్థన యగును. చీటి తీయుదురు. పోవలసిన పట్టీవారి సామానులు లారీలకెక్కును. అన్నకు వీడ్కోలు చెప్పు తమ్ముడు, తల్లికి వీడ్కోలు చెప్పు కుమార్తె అచ్చట ఉందురు. లారీలు కదలిన తరువాత, ఉండవలసిన పట్టీవారు తమ ఇండ్లలోనికి పోయి, తాము కట్టిన మూటలు తామే విప్పుకొందురు.